అద్దం మీది ఊపిరి

2020 జూన్ 8న తెలంగాణలో గుళ్లు మళ్లీ తెరిచారు. అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్ 2న, భద్రాద్రి రాముడి కల్యాణం భక్తులు లేకుండానే జరిగిపోయింది. ఏటా కల్యాణం నాడు జనంతో కిటకిటలాడే మిథిలా స్టేడియం బోసిపోయింది. తలంబ్రాలను టీవీలో చూసి అక్షింతలు మనమే నెత్తిన చల్లుకున్నాం. అందుకే ఆ వానాకాలంలో మెట్లెక్కి కొండ మీదికి వెళ్లినవాళ్లకు ఆ దర్శనం ఎన్నాళ్లుగానో ఎదురుచూసినది. ఆ వరుసలో నిలబడినవాళ్లలో కళ్లజోడు ఉన్న ప్రతివారికీ ఒక అనుభవం గుర్తుండే ఉంటుంది.

ఒంటి మీద వాన తడి, ముందూ వెనకా మనుషుల వేడి, లోపల దీపాల సెగ. వరుస కదిలి కదిలి గడప దగ్గరకొస్తుంది. చేతులు జోడించి తలెత్తేసరికి అద్దాల నిండా తెల్లటి మసక! మాస్కు లోంచి ఎగదన్నిన ఊపిరి సరిగ్గా అప్పుడే వచ్చి అద్దాల మీద కూర్చుంటుంది. జోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకునేలోపే 'జరగండమ్మా, జరగండి' అన్న మాట వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే కనిపించే రాముడితోనే సరిపెట్టుకుని మెట్లు దిగాలి.

చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ మసక వెనక మాత్రం నవ్వి వదిలేయలేని సంగతి ఒకటుంది.

ముందు ఆ మసక ఎక్కడిదో చూద్దాం. మనం వదిలే ఊపిరి దాదాపు 34 డిగ్రీల వెచ్చదనంతో, మోయగలిగినంత తేమను మోసుకుని బయటికొస్తుంది. మామూలుగా అయితే గాలిలో కలిసిపోతుంది. ముక్కుకీ నోటికీ అడ్డుగా గుడ్డ కట్టాక దానికి వేరే దారి కావాలి. ముక్కు దూలానికి అటూ ఇటూ, గుడ్డ చర్మానికి ఆనని చోట, రెండు చిన్న సందులుంటాయి. ఊపిరి అక్కడి నుంచి పైకి తన్నుకొస్తుంది. ఎదురుగా చల్లటి అద్దం ఉంటుంది. దాని మీద ఆవిరి చుక్కలు కడుతుంది. కంటికి ఆననంత సన్నటి ఆ చుక్కల్లో ప్రతి ఒక్కటీ వెలుగును తలో దిక్కుకు చెదరగొడుతుంది. పొద్దున్నే గరిక మీద మంచు పట్టేదీ, చల్లటి మజ్జిగ గ్లాసుకు బయట చెమట పోసేదీ ఇదే లెక్క.

లెక్క ఇదే అయినప్పుడు రుతువును బట్టి బాధా మారాలి. మారుతుంది కూడా. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ మాడ్చే కొత్తగూడెంలో ఆరుబయట నిలబడినవారి అద్దాలకు ఆవిరి పట్టదు. అక్కడ అద్దమే ఊపిరి కంటే వేడిగా ఉంటుంది. అదే మనిషి పుష్యమాసపు తెల్లవారుజామున మఫ్లరు ముక్కు మీదికి లాక్కుని పాల్వంచ దాటి అడవి దారిన భద్రాచలం వైపు బండి మీద వెళ్తే, బయట పొగమంచు, అద్దం లోపల తన మంచు. రెండింటి మధ్య ఎదురొచ్చే లారీ దీపం తెల్లటి ముద్దలా కనిపిస్తుంది. ఏసీ గదిలో చల్లబడిన జోడుతో వానాకాలం వీధిలోకి అడుగుపెడితే మాస్కు లేకున్నా అద్దాలు మూసుకుపోతాయి.

బహిరంగ ప్రదేశాల్లో మాస్కు తప్పనిసరి అంటూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2020 ఏప్రిల్ 10న. అంటే నియమం ఎండల్లో పుట్టింది. అప్పటి బాధ చెమట, ఉక్కపోత. కళ్లజోడుకూ మాస్కుకూ అసలు తగువు మొదలైంది తొలకరి తర్వాతే. ఆ తగువులో ఎవరు ఓడేవారో మనందరం చూశాం. మాస్కు ముక్కు దిగేది. కాసేపటికి మూతి దిగేది. చివరికి గడ్డం కింద చేరి పోలీసు కనిపించినప్పుడు మాత్రమే పైకి లేచేది. మాస్కు లేకపోతే అప్పట్లో 1000 రూపాయల జరిమానా ఉండేది. ఉన్న మాస్కు ముక్కు కింద ఎందుకుందని మాత్రం ఎవరూ అడగలేదు. నిర్లక్ష్యం అనేశాం. నిర్లక్ష్యమూ ఉంది. ఎదుటిది కనపడక దించుకున్నవారూ అందులో ఉన్నారు.

కళ్లజోడు మన పల్లెల్లో చాలామందికి ఆలస్యంగా వచ్చే వస్తువు. చత్వారం అన్న మాటలోనే ఆ వయసుంది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటాక దగ్గరివి కనపడకపోవడం మొదలవుతుంది. పట్నంలో అయితే వెంటనే అద్దాల దుకాణానికి వెళ్తారు. అడవి అంచు ఊళ్లలో సూదిలో దారం మనవరాలు ఎక్కిస్తుంది, బియ్యంలో రాళ్లు కోడలు ఏరుతుంది, కాగితం మీద రాసింది ఎవరో చదివి పెడతారు. అలా ఏళ్లు గడిచిపోతాయి. ఆ లోటు తీర్చడానికి ఇంటి దాపునే కంటి పరీక్ష చేసి ఉచితంగా జోళ్లు ఇచ్చే కంటి వెలుగు పథకం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది. దాని రెండో విడతకు వేదికైంది మన ఖమ్మమే. 2023 జనవరి 18న, బయటి నుంచి ముగ్గురు ముఖ్యమంత్రులు అతిథులుగా వచ్చిన రోజున, దాన్ని ఇక్కడ ప్రారంభించారు.

అలాంటి శిబిరంలో కాసేపు కూర్చుంటే చూడవలసింది ఒకటుంది. జోడు చేతికిచ్చి పంపరు. పరీక్ష చేసినవారు ఎదురుగా కూర్చుని, ఫ్రేము కాళ్లు చెవుల వెనక సర్ది, ముక్కు మీద కుదిరిందో లేదో చూసి, ఒక అట్ట చేతికిచ్చి అడుగుతారు: 'కనపడతందా అమ్మా?' పెద్దావిడ ముందు అట్ట వైపు చూడదు. తన చెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకుంటుంది. ఇన్నాళ్లూ అరిగిపోయాయనుకున్న గీతలన్నీ అక్కడే ఉంటాయి. 'ఆ, కనపడతందయ్యా' అంటుంది. ఆ తర్వాతే పుస్తకంలో పేరెక్కుతుంది.

మొదటి విడతలో వచ్చిన జోళ్లు ముక్కు మీద కుదురుకునేలోపే 2020 వచ్చింది. ఒక చేత్తో చూపు ఇచ్చాం, ఇంకో చేత్తో దాని మీద మసక కప్పే గుడ్డ ఇచ్చాం. రెండూ మేలు కోరి ఇచ్చినవే. రెండూ ఒకే ముక్కు మీద ఆనాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు. ఆ రోజుల్లో స్వయం సహాయక సంఘాల అక్కచెల్లెళ్లు రాత్రింబవళ్లు మిషను తొక్కి మాస్కులు కుట్టారు. సరిహద్దు అవతల బస్తర్ ఆదివాసులు ఆకులతో మాస్కులు అల్లుకున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఉన్న గుడ్డతో, దొరికిన ఎలాస్టిక్‌తో కుట్టిన వాటిలో చాలావాటికి ముక్కు దగ్గర వంచే తీగ ఉండేది కాదు. తీగ లేని మాస్కు ముక్కు దూలం మీద గుడారంలా నిలబడుతుంది. ఆ గుడారం తలుపు తెరుచుకునేది కళ్ల వైపే.

ఈ తీగ ముక్క విలువ తెలియాలంటే చర్ల, దుమ్ముగూడెం వైపు జ్వరాల కాలంలో గూడేలకు నడిచే ఆశా కార్యకర్తను తలుచుకోవాలి. వయసు నలభై దాటింది, జోడు వచ్చింది. వాగు దాటి, తడిసిన దారిన నడిచి, రొప్పుతూ ఒక గుడిసె వసారాలో కూర్చుంటుంది. జ్వరంతో ఉన్న పిల్లవాడి వేలు తుడిచి, సూదితో గుచ్చి, రక్తపు చుక్కను మలేరియా పరీక్ష పట్టీ మీద వేస్తుంది. పక్క గుంటలో మందు చుక్కలు వేసి, కిట్టు మీద రాసినన్ని నిమిషాలు ఆగుతుంది. పట్టీ మీద ఒక గీత తేలితే పరీక్ష సరిగ్గా జరిగినట్టు. దాని పక్కన ఇంకో గీత కూడా తేలితే మలేరియా ఉన్నట్టు. ఆ రెండో గీత కొన్నిసార్లు గులాబీ రంగు వెంట్రుకంత పలచగా వస్తుంది. పలచగా వచ్చినా వచ్చినట్టే లెక్క. ఆ వెంట్రుకను వసారా మసక వెలుతురులో, ఆవిరి పట్టిన అద్దంలోంచి చూడాలి. ఆమె ముందు చేసే పని ఏమిటి? మాస్కు గడ్డం కిందికి లాగుతుంది. చూపు కోసం చేసిన పని అది. దాన్ని తప్పనే ముందు ఆ తప్పు అవసరం లేకుండా చేయగలిగేవాళ్లమా అని అడగాలి. చేయగలిగేవాళ్లం, పెద్ద ఖర్చు లేకుండానే.

మొదటి ఉపాయం ఆ తీగదే. ఒక చేత్తో గిల్లినట్టు నొక్కితే తీగ మధ్యలో కొన తేలుతుంది, పక్కల సందులు అలాగే ఉంటాయి. రెండు చేతుల చూపుడు వేళ్లతో ముక్కు దూలం మీద మొదలుపెట్టి బుగ్గల దాకా అద్దుతూ రావాలి. తర్వాత మాస్కు పై అంచు మీద కళ్లజోడు ఆనేలా పెట్టుకుంటే జోడు బరువే గుడ్డను అదిమి పడుతుంది. తీగ లేకపోతే మెత్తటి కాగితమో పలచటి గుడ్డో మడిచి ముక్కు దూలం కింద, మాస్కు లోపల పెట్టినా చాలావరకు ఆగుతుంది. ఆపరేషన్ గదుల్లో కొందరు వైద్యులు పై అంచును చర్మానికి పట్టీతో అంటిస్తారు. మాస్కు వదులైతే చెవుల తాళ్లు మూల దగ్గర ముడేసి, పక్కన ఉబ్బిన గుడ్డను లోపలికి మడవాలి. ఇవన్నీ కళ్లకే కాదు, ఊపిరికీ మేలు. అద్దం మసకేసిందంటే పైన సందు ఉందన్నమాట. బయటికి పోయే దారి ఉంటే లోపలికి వచ్చే దారీ ఉన్నట్టే. అందుకని ఆ మసకను విసుక్కోకుండా వింటే, మాస్కు సరిగ్గా కూర్చోలేదని చెప్పే కబురు అదే.

రెండో ఉపాయం అద్దానిది. మాస్కు ఎంత సర్దినా కొంత ఊపిరి తప్పించుకోక మానదు. అప్పుడు అద్దం మీద చుక్కలు కట్టకుండా చూడాలి. సబ్బునీళ్లతో జోడు కడిగి, నీళ్లు విదిలించి, రుద్దకుండా ఆరనివ్వాలి. లేదా మెత్తటి గుడ్డతో అద్దీ అద్దనట్టు తుడవాలి. అద్దం మీద మిగిలే సన్నటి సబ్బు పొర నీటి చుక్కను ముత్యంలా నిలబడనివ్వదు, పరిచేస్తుంది. పరుచుకున్న నీళ్లలోంచి వెలుగు చెదరకుండా దాటుతుంది. కరోనా కంటే తొమ్మిదేళ్ల ముందే, 2011లో, ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పత్రికలో ఇద్దరు వైద్యులు ఈ చిట్కానే చిన్న సూచనగా రాశారు. శస్త్రవైద్యులకు ఇది పాత బాధ మరి. 1897లో బ్రెస్లావ్ నగరంలో మికులిచ్ అనే శస్త్రవైద్యుడు కట్లు కట్టే పలచటి గాజ్ గుడ్డను మూతికి కట్టుకుని ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టిన నాటి నుంచీ జోడున్న వైద్యులకు ఈ తగువు తప్పలేదు.

అంతరిక్షంలోనూ తప్పలేదు. 1966 జూన్ 5న జెమిని 9 నౌక లోంచి బయటికొచ్చిన అమెరికా వ్యోమగామి యూజీన్ సెర్నన్ రెండు గంటలకు పైగా శూన్యంలో తేలుతూ పనిచేశాడు. శ్రమకు ఒళ్లు కాగి, ఊపిరి ఎగసి, శిరస్త్రాణం అద్దం లోపల పూర్తిగా మసకేసింది. చేతులు బయట ఉన్నాయి, మసక లోపల ఉంది. చివరికి ముక్కు కొనతో రుద్ది చిన్న కిటికీ చేసుకుని, అందులోంచి చూసుకుంటూ నౌకలోకి తిరిగొచ్చాడు. చేయవలసిన పని సగంలోనే ఆగింది. ఆ అనుభవం నేర్పిన పాఠంతో అద్దానికి లోపల పూయడానికి తయారైన మందులో ముఖ్యమైన దినుసు ఏదో కాదు, డిటర్జెంటు! చంద్రుడి దారి పట్టినవాళ్లకూ సబ్బు పొరే దిక్కయింది.

సబ్బు మాటొస్తే కుంకుడుకాయ గుర్తు రాకుండా ఉండదు. అడవి చెట్టు కాయ. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో ఒకటి. దాని నురగ చేసేదీ ఇదే పని, నీటి చుక్క బిగువును సడలించడం. కానీ కుంకుడు రసం కంట్లో పడితే ఏమవుతుందో ఆదివారం తలంటుకున్న ప్రతి బిడ్డకూ తెలుసు. దాన్ని తలకే ఉంచి, అద్దాలకు మృదువైన సబ్బు వాడుకోవడం మేలు. అంట్ల పొడి, పళ్లపొడి, బూడిద వద్దు, గీతలు పడతాయి. బజారులో దొరికే స్ప్రేలు కొనే ముందూ ఒకసారి ఆలోచించాలి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో అలాంటి కొన్నింటిని పరీక్షించి, ప్రకృతిలో ఏళ్ల తరబడి కరగకుండా ఉండిపోయే పీఎఫ్ఏఎస్ జాతి రసాయనాలు వాటిలో ఉన్నాయని చెప్పారు. పైసా ఖర్చు లేని సబ్బునీళ్లు ఉండగా వాటి జోలి ఎందుకు?

కరోనా పోయింది కదా, ఇప్పుడీ మసక గొడవ ఎందుకని అడగవచ్చు. మాస్కు మనకు కరోనాతో వచ్చిందీ కాదు, దానితో పోయేదీ కాదు. మాఘ, ఫాల్గుణాల్లో ఖమ్మం మిర్చి మార్కెట్‌కు వెళ్లి చూడండి. తేజ రకం బస్తాలు యార్డు నిండా గుట్టలు పడి ఉంటాయి. ధర తేల్చే జెండా పాట మొదలయ్యేలోపే ఘాటు గొంతులో దిగుతుంది. హమాలీల మూతికి తువ్వాళ్లు, తూకం వేసే దడవాయిల మూతికి రుమాళ్లు. బస్తా కోసి, గుప్పెడు కాయలు తీసి, తొడిమ, రంగు, ముడత చూసి, ఒకటి విరిచి గింజ చూస్తాడు ఖరీదుదారు. రైతు ఏడాది కష్టం ఆ చూపు మీద ఆధారపడి ఉంటుంది. ఆ చూపు మసక అద్దంలోంచి వచ్చిందైతే ఎర్రటి కాయ కూడా వెలిసినట్టు కనిపిస్తుంది. ఇటు మణుగూరు, ఇల్లెందు బొగ్గు గనుల్లో ధూళికి ముక్కుగుడ్డ కావాలి. క్షయ రోగికి మందులిచ్చేవారికి కావాలి. చలికాలం బండి నడిపేవారికి మఫ్లరు కావాలి. రేపు ఇంకో జ్వరం రావచ్చు. ఆ రోజు మళ్లీ గుడ్డ ముక్కలు పంచుతాం.

గుడ్డతో పాటు రెండు నిమిషాల ఓపిక కూడా పంచాలని ఈ చిన్న మసక చెబుతోంది. మంచి నియమం మనిషి ముఖం మీదికి వచ్చేసరికి ముక్కు ఆకారం అడ్డొస్తుంది, చెవి అడ్డొస్తుంది, కంటి జోడు అడ్డొస్తుంది. ఆ అడ్డంకుల్ని పట్టించుకోని నియమం నెమ్మదిగా గడ్డం కిందికి జారుతుంది. జారినవాళ్లను లెక్కపెట్టి జరిమానా రాయడం తేలిక. ఎందుకు జారిందో కనుక్కోవడానికి ఎదురుగా కూర్చోవాలి. ఈ మాట సరిహద్దుకు రెండు పక్కలా వర్తిస్తుంది. భద్రాచలం దగ్గర రోడ్డుకు ఈ పక్క తెలంగాణ, కాస్త అవతల ఎటపాక ఆంధ్రప్రదేశ్. రెండు ప్రభుత్వాలు, రెండు రకాల ఉత్తర్వులు. రెండు పక్కలా ముఖాలు మాత్రం ఒకటే, మసకా ఒకటే.

పల్లెల్లో పాత అలవాటు ఒకటుంది. మంచాన పడ్డవారిలో కదలిక లేనప్పుడు, పెద్దవాళ్లు చేతి అద్దం తెచ్చి ముక్కు దగ్గర పెట్టేవారు. అద్దం మీద ఆవిరి పడితే ఇంట్లో అందరూ ఒక్కసారిగా గాలి పీల్చుకునేవారు. 2021 వేసవిలో మనలో చాలామంది ఆస్పత్రి వరండాల్లో నిలబడి, లోపలున్న మనిషి ఆక్సిజన్ మాస్కు మీద ఆవిరి పట్టి విడుతోందా లేదా అని కిటికీ లోంచి చూశాం. అప్పుడు ఆ మసక ఎంత అపురూపమో తెలిసింది. మన జోళ్ల మీద దాన్ని తుడుచుకునేటప్పుడు ఒక్కోసారి అది గుర్తుకొస్తుంది.

తుడుచుకోవాల్సిందే, ఎదుటి మనిషి కనపడాలి కాబట్టి. మళ్లీ ఎప్పుడైనా గూడెంలో మాస్కులు పంచే రోజు వస్తే, పంచేవారు ఒక్కొక్కరి ముందూ కాసేపు ఆగాలి. తీగను రెండు వేళ్లతో ముక్కుకు అద్ది, జోడును దాని అంచు మీద ఆనించి, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదలమనాలి. ఆ తర్వాత కంటి శిబిరంలో అడిగినట్టే అడగాలి: 'కనపడతందా అమ్మా?' ఆమె తన అరచేతిలోకి చూసుకుని జవాబు చెప్పేదాకా పక్కవారి దగ్గరికి జరగకూడదు.